కవళ్ళు తినమన్న కోవెలింటి మేడం

మా జువాలజీ మేడం పోయారు. మంగళవారం పొద్దున్న చీపురుపల్లిలో రైలు దిగి నేను పాఠం చెప్పే కాలేజీకి నడుస్తుంటే, విజయనగరం నుంచి ఆవిడ చెల్లెలుగారు ఫోన్ చేశారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. కాఫీ పెట్టి పిలిస్తే పలకలేదు," అన్నారు. మళ్ళీ ఆవిడే, "డెబ్బై దాటాక పోయింది. మా ఇంట్లో అది మాటలు కాదు కదా," అని ఫోన్ పెట్టేశారు.

డెబ్బై దాటి పోయినవాళ్ళని నిండు జీవితం గడిపారని ఒక్క ముక్కలో తేల్చేయడం మనకి అలవాటు. మేడం విషయంలో నాకు ఆ ముక్క నోట రావడం లేదు. ఆవిడ తండ్రిగారు, ఇద్దరన్నలు గుండెపోటుతో పోయారు, అదీ జుట్టు సరిగ్గా నెరవకముందే. వాళ్ళ వీధిలో జనం అది ఎవరి శాపమో అనుకునేవారట. అదే నెత్తురు ఒంట్లో పెట్టుకుని ఆవిడ డెబ్బై దాటే దాకా నడిచారు, పాఠాలు చెప్పారు, మమ్మల్ని తిట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

వాళ్ళది కోవెలని కనిపెట్టుకుని బతికిన కుటుంబం. తండ్రిగారు కోవెల వంటశాలలో ప్రసాదాలు వండేవారు. చక్కెర పొంగలిలో నెయ్యి ఎంత పొయ్యాలో ఆయన ఎప్పుడూ కొలవలేదట, పొయ్యడం చాలనిపించినప్పుడు ఆపేవారట. మాది సముద్రపు ఒడ్డు. అయ్య వేటకి వెళ్ళేవాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం వీధుల్లో చేపలమ్మేది. ఆ కోవెలింటి ఆడపిల్ల శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ మేడం అవడం, ఈ బెస్తవారి పిల్ల ఆవిడ ముందు బెంచీలో కూర్చోవడం నా జీవితంలో జరిగిన మంచి పనుల్లో మొదటిది.

గుడ్డు కూడా ముట్టని ఆవిడ, గుండె పాఠం వచ్చినప్పుడు మాత్రం తనే సంచీ పట్టుకుని మాంసం కొట్టుకి వెళ్ళేవారు. కొట్టువాడు దూరం నుంచే చూసి, "మేడం గుండె తీసి పక్కనెట్టాను," అని కేకేసేవాడట. ఆ మాట మాకు చెప్పి ఆవిడే ముందు నవ్వేవారు. మేక గుండెని పళ్ళెంలో పెట్టి, దాని నుంచి బయలుదేరే పెద్ద ధమనిని కత్తెరతో నిలువునా చీల్చి, ఒక్కొక్కరినీ పిలిచి లోపల వేలు పెట్టమనేవారు. నేను వేలు పెట్టాను. తడిసిన గాజు మీద జారినట్టు జారింది.

"ఇంత నున్నటిది ఈ లోకంలో నాకు ఇంకోటి దొరకలేదు. మీకు దొరికితే తెచ్చి చూపించండి," అన్నారు మేడం.

వెనక బెంచీ కుర్రాడొకడు, ఈ గొట్టంలోనే కొవ్వు పేరుకుని మూసుకుపోతుంది కదా మేడం అన్నాడు. ఆవిడకి కోపం వచ్చేసింది. "గొట్టం అనకు. గొట్టం అయితే మీ ఇంటి కుళాయిది. ఇది బతికున్న గోడ. దీనికి ఆకలి ఉంది, దెబ్బ తగిలితే నొచ్చుకోవడం ఉంది, బాగు చేసుకోవడం ఉంది," అన్నారు. పిరియడ్ అయ్యేలోపు ఆ కుర్రాడి చేత గోడ అనే మాట నాలుగైదు సార్లు అనిపించారు. మార్కుల దగ్గర పిసినారి, మాట దగ్గర పంతం మనిషి. మాలో సగం మందికి ఆవిడంటే భయం, మిగతా సగానికి ఇంకా ఎక్కువ భయం.

ఆ రోజే ఇంకోటి చూపించారు. ఆవిడ కళ్ళ మూలల్లో, ముక్కు పక్కగా, రెప్పల మీద లేత పసుపు మచ్చలుండేవి. పూజ చేసుకుని వస్తారు కదా, పసుపు అంటుకుందనుకునేవాళ్ళం. మేడం కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని, "దగ్గరికొచ్చి చూడండి. ఇది పసుపు కాదు, కొవ్వు," అన్నారు. పుట్టుకతోనే కొందరి కాలేయానికి నెత్తుట్లో తిరిగే కొవ్వుని వెనక్కి తీసుకునే శక్తి తక్కువగా ఉంటుందని, అది తండ్రి నుంచి తనకి వచ్చిందని, అన్నలిద్దరికీ వచ్చిందని చెప్పారు. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. "మా ఇంట్లో శాపం ఇదే. దీనికో పేరుంది, కారణం ఉంది, కొంత మందు కూడా ఉంది. ఇక శాపమెందుకవుతుంది?" అన్నారు. ఒక మనిషి తన చావుని పుస్తకంలో బొమ్మ చూపించినట్టు చూపించగలదని నాకు అంతవరకు తెలియదు.

నేను ఎచ్చెర్లలో పీజీ చదువుతుండగా అయ్యకి గుండెపోటు వచ్చింది. ఒడ్డు మీద పడవని పైకి లాగుతూ లాగుతూ కూలబడిపోయాడు. శ్రీకాకుళం ఆస్పత్రిలో మనిషి దక్కాడు. డాక్టరుగారు మాత్రలు రాసి, కొవ్వు పదార్థాలు మానెయ్యమన్నారు. వరండా నిండా రోగులు, అంతకు మించి చెప్పే తీరిక ఆయనకి లేదు. ఆ ఒక్క మాటని మా అమ్మ ఇంటికి తీసుకొచ్చి తనకి తెలిసినట్టు అర్థం చేసుకుంది.

మా ఒడ్డున దొరికే చేపల్లో నూన కవళ్ళంటే అయ్యకి ప్రాణం. పొయ్యి మీద పెట్టగానే నూనె కక్కే చేప అది. పేరులోనే నూనె పెట్టుకున్న చేప గుండెకి మంచిదెలా అవుతుందని అమ్మ వాదన. కవళ్ళు మానిపించింది. ఆ తరవాత అనుమానం వచ్చి చేపలన్నీ మానిపించింది. చేప లేని కూడు అయ్యకి గొంతు దిగేది కాదు. తినడం లేదని బెంగపడి, అయ్య ఇష్టంగా తినేవి వెతికి బస్టాండు దగ్గరి బేకరీ నుంచి పఫ్‌లు, క్రీము బన్నులు, బిస్కట్లు తెచ్చి పెట్టేది. సాయంత్రం నల్లగా మరిగిన నూనెలో వేగిన బజ్జీలు. ఎవరైనా అడిగితే ధీమాగా చెప్పేది. "నీచు మానీసినాడు. ఇప్పుడు కోవెలోళ్ళ తిండే తింటన్నాడు. మరేటీ అవ్వదు."

అయ్య చిక్కిపోయాడు. పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి ఇంట్లోంచి లేచి ఊరి వెనక్కి వెళ్ళిపోయేవాడు, ఆ వాసన తగలకుండా. "బతికున్నాను గానీ ఏటి లాభమే? నోటికి రుసి లేదు, ఒంట్లో ఓపిక లేదు," అన్నాడు నాతో ఒకసారి. పైగా నాలుగడుగులు వేస్తే గుండెలో పట్టేసినట్టు ఉంటోందని మళ్ళీ మొదలైంది. ఈసారి పోతాడని నాకు భయం పట్టుకుంది. మేడం ఇంటికి పరుగెత్తాను.

మందులేం వాడుతున్నాడని అడుగుతారనుకున్నాను. ఆవిడ అడిగింది, "పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం తింటున్నాడు?" అని. చెప్పాను. అంతా విని, "రేపు సాయంత్రం మీ ఊరొస్తానే," అన్నారు.

వచ్చారు. మా అమ్మ కంగారు చూడాలి. ఇంట్లో ప్రతి గిన్నెలోనూ చేపలు వండాం కదా, కోవెలింటి మనిషికి దేన్లో పెట్టాలి? ఆదరాబాదరా కొత్త కుండ కొనుక్కొచ్చి అందులో అన్నం వార్చి పెరుగు కలిపింది. మేడం మాత్రం పొయ్యి దగ్గరికొచ్చి పీట వేసుకుని కూర్చుని, "ఏదమ్మా, ఆ కవళ్ళ సంగతేమిటో నాకు చూపించు," అన్నారు. అమ్మ పెనం మీద నాలుగు కవళ్ళు వేసింది. పొగకి మేడం కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. పుట్టి బుద్ధెరిగి ఆ వాసన దగ్గరికి రాని మనిషి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు.

"సూడండి మేస్టరమ్మా. సుక్క నూనె ఎయ్యలేదు నాను. దానికదే వస్తాది. ఇంత కొవ్వు తింటే మడిసి గుండె ఉంటాదేటి?" అంది అమ్మ.

మేడం ఆ కారిన నూనెని ఒక చిన్న గిన్నెలోకి వంపించారు. పక్కనే ఒక గిన్నెలో కరిగించిన నెయ్యి, ఇంకో గిన్నెలో కరిగించిన వనస్పతి. బేకరీ వాళ్ళు బన్నుల్లో, పఫ్‌లలో వాడేది అదే. మూడింటినీ అరుగు మీద పెట్టి, పొద్దున్న చూద్దామని ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయారు. పుష్యమాసం రోజులు, మా ఒడ్డున తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది. పొద్దున్న నెయ్యి గడ్డకట్టింది. వనస్పతి సుద్దముక్కలా బిగుసుకుంది. చేప నూనె గిన్నె వంచితే అటూ ఇటూ కదిలింది.

అమ్మ గిన్నె వంచి చూసింది, మళ్ళీ వంచి చూసింది. "ఇదేటి, ఇది పేరుకోలేదు?"

"పేరుకుంటే ఆ చేప ఎలా బతుకుతుందమ్మా? మన ఒంటి కంటే చల్లటి నీళ్ళలో తిరిగే జీవి. ఒంట్లో కొవ్వు మన నెయ్యిలా బిగుసుకుంటే అది తోక కూడా ఆడించలేదు. అందుకని దానికి అలాంటి కొవ్వు ఇచ్చాడు," అన్నారు మేడం. ఎవరు ఇచ్చారో చెప్పలేదు. ఆ గిన్నె వైపు చూస్తున్న ఆవిడ మొహం, కోవెల్లో హారతి వేళ చూసే మొహంలాగే ఉంది.

అయ్య అరుగు చివర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. "అయితే మేస్టరమ్మా, నాను తిన్న వనస్పతి నా గుండెలో ఇలాగే గెడ్డకట్టీసిందా?" అన్నాడు.

అవునని ఆవిడ అనేస్తే ఎంత తేలిగ్గా ఉండేదో. అయ్య హడలిపోయి ఆ పూటకే బన్నులు మానేసేవాడు. మేడం అలా అనలేదు. "లేదు బాబూ. గిన్నెలో చూసింది గుండెలో అలాగే జరుగుతుందనుకోకండి. ఒంట్లో వేడికి నెయ్యి కూడా కరిగే ఉంటుంది. లోపల జరిగేది వేరు," అని మొదలుపెట్టారు.

నేను ఎచ్చెర్లలో ఇదే పాఠం ఇంగ్లీషులో చదువుతున్నాను, పరీక్షలు రాస్తున్నాను. ఆ పొద్దున్న మా అరుగు మీద విన్నదాన్ని మాత్రం ఇంకెక్కడా వినలేదు. నెత్తుట్లో కొవ్వు ఒంటరిగా తిరగదని, చిన్న చిన్న మూటల్లో కట్టి తిరుగుతుందని చెప్పారు. పనైపోయిన మూటల్ని కాలేయం వెనక్కి తీసుకోవాలి. వెన్న, నెయ్యి, పామాయిలు లాంటివి అతిగా తింటే కాలేయం వాటిని తీసుకోవడం తగ్గించేస్తుంది, వనస్పతి అంతకంటే చేటు. తీసుకునేవాడు లేక మూటలు తిరిగి తిరిగి, ఎక్కడో ఒకచోట ఆ నున్నటి గోడ లోపలికి దూరతాయి. అక్కడ పాడవుతాయి. వాటిని ఊడ్చెయ్యడానికి నెత్తుట్లోంచి తెల్ల కణాలు వస్తాయి, ఆ కొవ్వు తిని తిని ఉబ్బిపోతాయి, బయటికి రాలేక అక్కడే చచ్చిపోతాయి.

"కాపాడదామని వచ్చినవే అక్కడ గుట్టపడతాయి బాబూ. గోడ ఊరుకోదు. ఆ గుట్ట మీద పొర కప్పుతుంది, మీకు నొప్పి తెలియనివ్వదు. ఏళ్ళ తరబడి కప్పుతూనే ఉంటుంది. ఒకరోజు ఆ పొర చిట్లుతుంది. చిట్లిన చోట నెత్తురు గడ్డకడుతుంది. మీరు పడవ దగ్గర పడిపోయింది అప్పుడే," అన్నారు. మళ్ళీ ఆవిడే, "గుండెపోటు ఆ రోజు వచ్చింది కాదు. ఆ రోజు తెలిసింది," అన్నారు.

అయ్య తన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇన్నేళ్ళు నాకు సెప్పకుండా కప్పెట్టిందేటి," అన్నాడు మెల్లగా. భయపడతాడనుకున్నాను. అయ్య మొహంలో భయం లేదు. తన పక్కనే ఇన్నాళ్ళూ ఎవరో పనిచేస్తున్నారని ఇప్పుడే తెలిసినవాడిలా ఉన్నాడు.

అమ్మకి మాత్రం ఒక సందేహం తీరలేదు. "అదేటమ్మా, బన్నూ బిస్కట్టూ నీచు కాదు గదా. మీ కోవెలోళ్ళ లాటోళ్ళు తినే తిండే గదా?"

మేడం అమ్మ వైపు తిరిగారు. "మా పెద్దన్నయ్య పుట్టాక గుడ్డు కూడా తినలేదమ్మా. కోవెల తిండే తిన్నాడు. వాళ్ళ పిల్లాడికి నడకొచ్చేలోపు పోయాడు," అన్నారు. అమ్మ గబగబా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. తరవాత మేడమే నెమ్మదిగా అన్నారు, నాన్నగారి పొంగలిని తను తప్పు పట్టడం లేదని. "దేవుడికి పెట్టినంత మనిషి తినక్కర్లేదు. అంతే," అన్నారు. ఆవిడ పండగ రోజు కోవెలకి వెళ్తే పొంగలి ప్రసాదం చిటికెడు తీసుకుని, కళ్ళు మూసుకుని, నోట్లో కరిగేదాకా అలాగే నిలబడేవారు. ఆ చిటికెడుని అంత సేపు తిన్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

కవళ్ళు తినెయ్యమని ఆవిడ అక్కడికక్కడే తీర్పు చెప్పలేదు. మమ్మల్ని బస్సెక్కించి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. బన్నుల సంగతీ కవళ్ళ సంగతీ ఆవిడ విడమరిచి చెప్పేసరికి ఆయన నెత్తి పట్టుకున్నారు. గుండెని మళ్ళీ పరీక్ష చేసి, మందు మార్చి, చేప పులుసు హాయిగా తినమని, వేపుడూ ఉప్పుచేపా వద్దని, బేకరీ సరుకు ముట్టొద్దని చెప్పారు. బయటికొచ్చాక మేడం అయ్యతో గట్టిగా అన్నారు. "కవళ్ళు మందు కాదు. తిండి మందుకి బదులు కాదు, మందు తిండికి బదులు కాదు. మాత్ర మానేస్తే నేనే వచ్చి తంతాను." అయ్య బుద్ధిగా తలూపాడు.

మేడం అక్కడితో తన ఇంటికి వెళ్ళిపోవచ్చు. మళ్ళీ మాతో బస్సెక్కి మా ఊరొచ్చారు. అమ్మ కవళ్ళ పులుసు పెట్టింది. అయ్య కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టడు. "మీ ఎదర సేపలు తినీడం బాగోదు మేస్టరమ్మా. మీరు అటెళ్ళి కూకోండి."

"మీరు తినడం చూద్దామనే కదా ఇంత దూరం మళ్ళీ వచ్చాను. తినండి," అన్నారు మేడం, కొత్త కుండలోని పెరుగన్నం ముందు పెట్టుకుని.

అయ్య తిన్నాడు. మొదటి ముద్దకే కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాడు, కారం ఎక్కువైందని అమ్మ మీద నెపం పెట్టాడు. నెలల తరవాత మా ఇంట్లో మనిషి మళ్ళీ మా ఇంట్లో కూర్చున్నట్టనిపించింది నాకు. తరవాత్తరవాత ఛాతీలో పట్టేయడం తగ్గింది, అయ్య బదులు వేటకెళ్తున్న మా తమ్ముడితో పడవ దాకా నడవడం మొదలైంది. మందుదెంత, తిండిదెంత అని నేనడిగితే, "నాకు తెలీదే. తెలిసినట్టు నటించను," అన్నారు మేడం.

కృతజ్ఞత చూపించుకోవాలని అయ్యకి ఒకటే తపన. మా ఇంట్లో పంపడానికేముంటాయి, చేపలే. అవి పంపకూడదు. బాగా ఆలోచించి ఒక బస్తా కొబ్బరికాయలు పంపాడు. మేడం నాకు ఫోన్ చేసి, "నన్ను తొందరగా పంపించెయ్యాలనుందా అని మీ నాన్ననడుగు. కొబ్బరిదీ నెయ్యి లాంటి కొవ్వే," అన్నారు. కాయలన్నీ కోవెల్లో కొట్టించి వీధంతా పంచారు. అయ్య ఆ మాట పదేపదే చెప్పుకుని నవ్వేవాడు.

రిటైరయ్యాక విజయనగరంలో చెల్లెలి దగ్గరున్నారు. నేను వెళ్ళినప్పుడల్లా కలిసి నడిచేవాళ్ళం. నెమ్మదిగా నడిచేవారు, ఆగి ఆగి. ఒకసారి అలా ఆగినప్పుడు, "మీకు భయం వెయ్యదా మేడం?" అని అడిగాను. "వేస్తుందే. ఎందుకు వెయ్యదు? భయం కంటే ఆశ్చర్యం ఎక్కువేస్తుంది. మన పుట్టుక ఎలా ఉన్నా, మనం ఏం తిన్నా, ఆ గోడ లోపల కూర్చుని బాగు చేసుకుంటూనే ఉంటుంది చూడు. దానికున్న ఓపిక నాకుంటే మీ అందరికీ ఫస్టు క్లాసు మార్కులు వేసేదాన్ని," అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం విజయనగరంలో ఆవిడ్ని సాగనంపి, అక్కడి నుంచే అయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "అలగా," అని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు మా ఊరెళ్ళాను. అమ్మా అయ్యా గుమ్మంలో వాదించుకుంటున్నారు.

మా వాళ్ళలో ఇంట్లో మనిషి పోతే మూడోనాటి దాకా ఆ ఇంటి పడవ నీళ్ళలోకి దిగదు, ఆ ఇంట్లో పొయ్యి మీద చేప ఎక్కదు. మా తమ్ముణ్ణి అయ్య వేటకి వెళ్ళనివ్వలేదట. అక్కడి వరకు అమ్మకి పేచీ లేదు. పక్కవాళ్ళ పడవ నుంచి కవళ్ళు తెచ్చి వండమంటున్నాడు, అదీ పేచీ.

"మనింటి మడిసి పోనాదని పడవ ఆపీసినావు. మళ్ళీ సేపలెలాగ తింటావు? ఊరోళ్ళు ఏటనుకుంటారు?" అంటోంది అమ్మ.

"పడవ ఆపింది ఆయమ్మ మనింటి మడిసని. సేప తింటంది ఆయమ్మ తినమందని. ఊరోళ్ళకి నాను సెప్పుకుంటాను, నువ్వొండు," అన్నాడు అయ్య.

అమ్మ వండింది. అయ్య కంచం ముందు కూర్చుని, ముల్లు ముల్లూ తీసి పక్కన పెడుతూ, ఎవరో ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టు శ్రద్ధగా, మెతుకు మిగలకుండా తిన్నాడు. మాత్ర వేసుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఒడ్డుకి నడిచాడు, నేనూ వెనకాలే వెళ్ళాను. అప్పటికి వేటకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేశారు. ఇసక మీద వరసగా లాగి పెట్టిన పడవలన్నిటి నుంచీ నీళ్ళు కారుతున్నాయి. మాది ఒక్కటే పొడిగా ఉంది.